గడి గడికీ సున్నం కొట్టే ఉద్యోగం

అది శుక్రవారం సాయంత్రం. బ్యాగు సర్దుకుని సికింద్రాబాద్ స్టేషన్‌కి బయల్దేరబోతున్నా. మర్నాడు మధిరలో మా నానమ్మ సంవత్సరీకం. నెల ముందే సెలవు చెప్పాను, టిక్కెట్టూ తీసుకున్నాను. సరిగ్గా అప్పుడే వచ్చిందండీ మెయిలు. క్లయింటు వాళ్ళు లోగో మార్చుకున్నారట, దాంతోపాటు రంగూ మార్చుకున్నారట. ముదురు నీలం పోయి ఆకుపచ్చ రావాలి. హెడ్డింగులు వేరే ఫాంటులో ఉండాలి. సోమవారం పొద్దున వాళ్ళ పెద్దల మీటింగు, ఆ లోపు రిపోర్టులన్నీ కొత్త వేషం కట్టాలి.

"రంగే కదా, గంట పని" అన్నారు మా మేనేజరు గారు. ఆయన్ని అనటానికేం లేదు. బయట నుంచి చూస్తే ఎవరికైనా అది గంట పనే.

రిపోర్టులు 168. మేం ఆరుగురం. శుక్రవారం రాత్రి కూర్చుంటే ఆదివారం అర్ధరాత్రి దాటాక లేచాం. ఆ రెండున్నర రోజులూ మేం చేసిందేంటో చెప్పనా? రిపోర్టు తెరవటం, గడి మీద నొక్కటం, రంగుల డబ్బా తెరవటం, ఆకుపచ్చ ఎంచుకోవటం, ఓకే కొట్టటం, పక్క గడికి వెళ్ళటం. మళ్ళీ నొక్కటం. ఆరుగురు బీటెక్ ఇంజనీర్లం, గోడకి సున్నం కొట్టినట్టు గడి గడికీ రంగు కొట్టాం. సున్నం కొట్టే అతనికి సాయంత్రానికి ఒక గోడ తెల్లగా అయిందన్న తృప్తన్నా మిగులుతుంది. మాకు అదీ లేదు.

సంవత్సరీకం నేను లేకుండానే జరిగింది. నాన్న ఫోన్లో ఏమీ అనలేదు. "పనుంటే ఏం చేస్తావులే" అన్నాడంతే. తిట్టినా బాగుండేది. ఎందుకంటే అది పని కాదని నాకు తెలుసు.

ఇంత చేసినా సోమవారం మూడు రిపోర్టుల్లో మొత్తం చూపించే వరస ఇంకా నీలంగానే ఉంది. టీములో చేరి నాలుగు నెలలైన ఒక అమ్మాయికి ఆ తిట్లన్నీ పడ్డాయి. మధ్యాహ్నం క్యాంటీన్లో నన్ను అడిగింది, "అన్నా, అక్కడ నీలం ఉందని నాకెట్లా తెలుస్తది?" అని. నా దగ్గర జవాబు లేదు. ఎవరి దగ్గరా ఉండదు. ఆ నీలం ఎక్కడెక్కడుందో ఎక్కడా రాసిలేదు కాబట్టి.

సరే, విషయానికొస్తా. నేను చెప్పదల్చుకున్నది ఒక్కటే. రిపోర్టులో ఒక గడికి మనం చేత్తో రంగు వేసిన ప్రతిసారీ, ఎవరిదో ఒకళ్ళ శనివారం వాళ్ళని అడక్కుండా అప్పు తెచ్చుకుంటున్నాం. స్టైల్‌షీటు అనేది ఒకటుందని తెలియక చేస్తే పోనీలే అనుకోవచ్చు. తెలిసీ "టైం లేదు" అని చేస్తే మాత్రం అది పక్కవాడి మీదకి పని తోసెయ్యటమే.

ఒకే నీలం, పదకొండు రకాలు

ఆ రిపోర్టులు బర్ట్‌లో చేసినవి. వాడని వాళ్ళకోసం: బర్ట్ అంటే ఎక్లిప్స్ వాళ్ళ రిపోర్టుల సాధనం. యాక్చువేట్ అనే కంపెనీ 2004లో ఈ పని మొదలుపెడితే 2005లో మొదటి విడుదల వచ్చింది. ఉచితం, ఓపెన్ సోర్సు. అందుకే మన సర్వీసు కంపెనీల్లో ఇది చాలా చోట్ల కనపడుతుంది. రిపోర్టు ఫైలు లోపల ఉండేది మామూలు ఎక్స్‌ఎంఎల్. నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదువుకోవచ్చు.

ఆ తర్వాతి వారం కోపం తగ్గక, పాత ఫైళ్ళన్నీ ఒక చిన్న స్క్రిప్టు రాసి వెతికించా. ముదురు నీలం 9 వేల పైచిలుకు చోట్ల రాసుంది. అది కూడా ఒక్క నీలం కాదు, పదకొండు రకాల నీలాలు! ఒకళ్ళు రంగు పేరు రాశారు, ఒకళ్ళు అంకెలు రాశారు, ఇంకొకళ్ళు పాత ప్రెజెంటేషన్ చూసి కంటితో పోల్చి వేశారు. ఎవరికి తోచిన నీలం వాళ్ళది.

అసలు విచిత్రం ఇంకోటుంది. ఆ ప్రాజెక్టులో సీఎస్ఎస్ ఫైలు ఉంది! ఎవరో పుణ్యాత్ముడు నాలుగేళ్ళ కిందట చక్కగా రాసిపెట్టి వెళ్ళాడు. శుక్రవారం రాత్రి అది కనపడగానే నేను ఎగిరి గంతేశా. నీలం తీసి ఆకుపచ్చ రాసి, అన్ని రిపోర్టులూ నడిపించి చూశా. 168లో మారినవి ఏడు. మిగతా 161 కదల్లేదు, మెదల్లేదు.

ఎందుకు మారలేదో అర్థమైతే ఈ టపాలో సగం అర్థమైనట్టే. దానికి ముందు కాస్త మా ఊరు తీసుకెళ్తా, రండి.

మధిర డీటీపీ సెంటరు

2014లో ఇంటర్ అయిపోయింది. రాష్ట్రం విడిపోయిన ఏడాది కదా, ఎంసెట్ కౌన్సెలింగ్ ఆలస్యమైంది. ఖాళీగా ఉండటం ఎందుకని మా ఊళ్ళో ఒక డీటీపీ షాపులో కూర్చునేవాణ్ణి. శుభలేఖలు, బడి ప్రశ్నపత్రాలు, రసీదు పుస్తకాలు, కరపత్రాలు. పేజ్‌మేకర్, అను ఫాంట్లు, మోగుతూ ఉండే ఒక పాత యూపీఎస్. షాపు ఆయన్ని బాబాయ్ అనేవాణ్ణి. డిగ్రీ మధ్యలో ఆపేసిన మనిషి.

మొదటిరోజు నాకొక ప్రశ్నపత్రం ఇచ్చాడు. నేను ప్రతి ప్రశ్నా సెలెక్టు చేసి సైజు మార్చుకుంటూ పోతున్నా. వెనకాల నిలబడి కాసేపు చూశాడు. తర్వాత మౌసు లాక్కుని స్టైల్స్ పట్టీ చూపించాడు. అందులో ఆయన పెట్టుకున్న పేర్లు: బడి పేరు, తరగతి, ప్రశ్న, ఛాయిస్, మార్కులు. "ప్రశ్న" అనే స్టైల్లో సైజు ఒక్కచోట మార్చాడు. నాలుగు పేజీల పేపరు మొత్తం మారిపోయింది. నేను నోరు తెరిచా.

"ఒక్కోటీ మార్చుకుంటా కూర్చుంటే ఈలోపు కరెంటు పోద్దిరా అబ్బాయ్. ఒక్కచోట మారిస్తే అన్నీ మారాల" అన్నాడు.

ఆ ఏడాది జూన్ 2 తర్వాత బడుల వాళ్ళూ సంఘాల వాళ్ళూ వరసపెట్టి వచ్చారు. లెటర్‌హెడ్‌లో, రసీదుల్లో "ఆంధ్రప్రదేశ్" తీసి "తెలంగాణ" పెట్టాలి. బాబాయ్ ఒక్కో పార్టీకి ఒక మాస్టర్ పేజీ పెట్టుకున్నాడు. పైన ఉండే పేరూ, చిరునామా అందులోనే. అది మార్చేవాడు, ప్రింటు కొట్టేవాడు, డబ్బులు తీసుకునేవాడు. కరెంటు కోత భయంతో నేర్చుకున్న క్రమశిక్షణ అది. మనకి ఆఫీసులో జనరేటర్ ఉంది, అందుకే నేర్చుకోలేదేమో :)

నాలుగేళ్ళ బీటెక్కులో నాకు ఈ ముక్క ఎవరూ చెప్పలేదు. ఉద్యోగంలో చేరాక శిక్షణలో రిపోర్టులు నేర్పినాయన కూడా టేబుల్ లాగి పడేసి, గడి మీద కుడి నొక్కు నొక్కి "ఇక్కడ రంగు మార్చుకోవచ్చు" అన్నాడు. అక్కడితో పాఠం అయిపోయింది. తప్పు అక్కడ మొదలైంది.

కాలువ నీళ్ళ లెక్క

సీఎస్ఎస్ అంటే కాస్కేడింగ్ స్టైల్ షీట్స్. 1994 అక్టోబరులో హోకోన్ వియుమ్ లీ అనే నార్వే ఆయన సెర్న్‌లో ఉండగా ఈ ప్రతిపాదన పెట్టాడు. బెర్ట్ బోస్ తోడయ్యాడు. 1996 డిసెంబరులో డబ్ల్యూత్రీసీ దాన్ని సిఫార్సుగా విడుదల చేసింది. స్టైలు అన్న ముక్క అంతకు ముందూ ఉంది, మా బాబాయ్ పేజ్‌మేకర్లోనూ ఉంది. ఇందులో ముఖ్యమైన మాట కాస్కేడింగ్. పైనుంచి కిందకి మెట్లు మెట్లుగా పారటం.

మా వైపు వాళ్ళకి దీన్ని పుస్తకం పెట్టి చెప్పక్కర్లేదు. సాగర్ ఎడమ కాలువకి నీళ్ళొదిలితే మేజర్లోకి వస్తాయి, మేజర్లోంచి మైనర్లోకి, అక్కణ్ణుంచి తూము దాటి పిల్లకాలువలోకి, చివరికి చేలోకి. పైన ఒక్కచోట గేటు ఎత్తితే కింద చేలన్నీ తడుస్తాయి. నా చేను వరకు వద్దనుకుంటే నా మడవ నేను కట్టుకుంటా. అప్పుడు పైన ఎంత నీళ్ళొదిలినా నా చేలోకి రావు.

బర్ట్‌లో స్టైళ్ళు నడిచేది అచ్చం ఇలాగే. సీఎస్ఎస్2 పద్ధతినే వాళ్ళు తీసుకున్నారు. ఒక గడి ఏ రంగులో కనపడాలో తేల్చటానికి నాలుగు చోట్ల చూస్తుంది. అన్నిటికన్నా ముందు, ఆ గడికి చేత్తో పెట్టిన రంగు ఏదన్నా ఉందా? లేకపోతే, ఆ గడికి పేరు పెట్టి తగిలించిన స్టైలు ఉందా? అదీ లేకపోతే, ఆ రకం వస్తువుకి ముందే ఉన్న పేరుతో స్టైలు ఉందా? (టేబుల్, టేబుల్ హెడర్, టేబుల్ ఫుటర్, లేబుల్, డేటా లాంటి పేర్లు బర్ట్ తనే పెట్టుకుంది. ఆ పేర్లతో స్టైలు రాస్తే చాలు, ఎక్కడా తగిలించకుండానే పనిచేస్తుంది.) ఇవేవీ లేకపోతే దాన్ని మోస్తున్న వరస, టేబుల్, చివరికి రిపోర్టు మొత్తానికీ ఉన్న స్టైలు నుంచి తెచ్చుకుంటుంది. ఒక జాగ్రత్త: ఫాంటు, రంగు, అమరిక కిందకి పారతాయి. గీతలు, వెనక రంగు, ఖాళీ జాగాలు పారవు. వెబ్బులో ఎలాగో ఇక్కడా అంతే.

ఇప్పుడు మా 161 సంగతి చూడండి. ప్రతి గడికీ చేత్తో రంగు పెట్టేశారు. అంటే ప్రతి చేనుకీ మడవ కట్టేశారు. పైన సీఎస్ఎస్ ఫైల్లో నేను ఎంత ఆకుపచ్చ పోసినా కిందకి ఒక్క చుక్క రాలేదు. చేత్తో రంగు వేసినవాడు తన పని చేత్తో చేసుకుని ఊరుకోడు, స్టైల్‌షీటు పనిచెయ్యకుండా అడ్డం కూడా పడతాడు. అందుకే నాకింత మంట.

ఇంకో చిన్న తిరకాసు. బర్ట్‌లో సీఎస్ఎస్ ఫైలుని తెచ్చుకోవటానికి రెండు దార్లున్నాయి. స్టైళ్ళని ఇంపోర్టు చేస్తే అవి మీ రిపోర్టులోకి కాపీ అయిపోతాయి. రేపు అసలు ఫైలు మారినా మీ కాపీ మారదు. సీఎస్ఎస్ ఫైలుని వాడు అని లింకు చేస్తే మాత్రం అసలు ఫైలు మారినప్పుడల్లా రిపోర్టూ మారుతుంది. మెనూలో రెండూ దగ్గర్దగ్గరే ఉంటాయి. మా వాళ్ళలో చాలామంది మొదటిది నొక్కి, రెండోది చేశామనుకున్నారు.

"అన్నా, కానీ..." అనే వాళ్ళకి

ఈ మాట టీములో ఎత్తినప్పుడు వచ్చిన అభ్యంతరాలు మీకూ వస్తాయి. ఏమాటకామాటే చెప్పుకోవాలి, కొన్నిటిలో నిజం ఉంది.

మొదటిది: "మా సాధనంలో సీఎస్ఎస్ లేదు." నిజమే, అన్నిట్లో ఉండదు. మైక్రోసాఫ్ట్ రిపోర్టింగ్ సర్వీసెస్‌లో రిపోర్టు వస్తువులకి స్టైల్‌షీటు అనేదే లేదు. క్రిస్టల్ రిపోర్ట్స్‌లో వెబ్బులో చూపించేటప్పుడు వస్తువుకి ఒక సీఎస్ఎస్ క్లాసు పేరు తగిలించొచ్చు, అంతకు మించి ఆశపడకండి. జాస్పర్ రిపోర్ట్స్‌లో సీఎస్ఎస్ కాకపోయినా దాని సొంత స్టైళ్ళున్నాయి. ఒక స్టైలు ఇంకో స్టైలుకి పిల్లగా ఉండొచ్చు, అన్నిటినీ ఒక బయటి టెంప్లేటు ఫైల్లో పెట్టి రిపోర్టులన్నీ దాన్ని చూసేలా చెయ్యొచ్చు. ఏదీ లేనిచోట రంగుని ఒక ఎక్స్‌ప్రెషన్‌గా రాసి, విలువ ఒక పారామీటర్లోంచో డేటాబేసు టేబుల్లోంచో తెచ్చుకోవచ్చు. సాధనం ఏదైనా ఒక్కచోట రాసుకునే దారి వెతుక్కోవాలని నేననేది. లేదని వదిలేసేముందు వెతికారా అని అడుగుతున్నా.

రెండోది: "బర్ట్‌లో కూడా సీఎస్ఎస్ పూర్తిగా పనిచెయ్యదు." ఒప్పుకుంటా. వెబ్బులో రాసినట్టు ఫలానా దాని లోపల ఉన్న ఫలానా అని మెలికల సెలెక్టర్లు రాస్తే అది పట్టించుకోదు. మామూలు క్లాసు పేర్లతో రాయండి. హెచ్‌టీఎంఎల్‌లో ఒకలా, పీడీఎఫ్‌లో ఒకలా, ఎక్సెల్‌లో ఇంకోలా కనపడేవి కొన్నుంటాయి. సాదా ఫాంటు, రంగు, గీతలు, అమరిక వరకు ఉంటే మూడింట్లోనూ నిలబడుతుంది. అంకెల ఫార్మాటు కూడా సీఎస్ఎస్ ఫైల్లో పెట్టలేం. దాన్ని బర్ట్ లైబ్రరీలో థీమ్ పెట్టుకుని, అందులోని స్టైల్లో రాసుకోవాలి. మన లక్షల కామాలకి #,##,##0 అని అక్కడ ఒక్కసారి రాస్తే చాలు. (జావా సొంత డెసిమల్ ఫార్మాట్ చివరి కామాని మాత్రమే లెక్కలోకి తీసుకుంటుంది, అందుకే కొన్ని సాధనాల్లో లక్ష కాస్తా 100,000 అయి కూర్చుంటుంది. బర్ట్ వాడే ఐసీయూ లైబ్రరీకి మన లెక్క తెలుసు.) గడి వెడల్పులు కూడా స్టైల్‌షీటుతో తీరే సమస్య కాదు. ఇన్ని లోపాలున్నా సరే, పదిలో ఎనిమిది ఒక్కచోట ఉండటం, పదికి పదీ 168 చోట్ల ఉండటం కన్నా నయమే కదా?

మూడోది: "ఏ స్టైలు ఎక్కణ్ణుంచి వస్తోందో తెలియక బుర్ర తిరుగుతుంది." ఇది గట్టి అభ్యంతరం. కాలువ ఎన్ని పాయలైతే అంత గొడవ. మేం పెట్టుకున్న కట్టుబాటు ఏంటంటే మూడు మెట్లకి మించకూడదు. రిపోర్టు మొత్తానికి ఒకటి, వస్తువు రకానికి ఒకటి, పేరు పెట్టిన ప్రత్యేకమైనవి ఓ డజను. పేర్లు కూడా అర్థాన్ని బట్టి పెట్టాలి గానీ రూపాన్ని బట్టి కాదు. "మొత్తం", "బాకీ", "గమనిక" అని పెట్టుకోండి. మా ప్రాజెక్టులో "బ్లూ హెడ్డింగ్" అనే స్టైలుంది. ఇప్పుడు దాని రంగు ఆకుపచ్చ. కొత్తగా చేరినవాళ్ళు అది చూసి నవ్వాలో ఏడవాలో తెలియక నావంక చూస్తారు.

నాలుగోది, అందరూ నమ్మేది: "ఒకసారి చేసేస్తే మళ్ళీ ఎవడు మారుస్తాడు?" అయ్యా, మనం ఉంటున్నది ఏ రాష్ట్రంలో? 2014లో రాష్ట్రం పేరే మారింది. 2016 దసరాకి 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. "ఖమ్మం" అన్న మాటకి సరిపోయేలా కొలిచి పెట్టిన గడిలో "భద్రాద్రి కొత్తగూడెం" ఎక్కడ పడుతుంది? "జయశంకర్ భూపాలపల్లి" ఎక్కడ పడుతుంది? 2017 జులై 1న జీఎస్టీ వచ్చి బిల్లుల రూపమే మార్చేసింది. 2024లో టీఎస్ పోయి టీజీ వచ్చింది. బండి నంబర్ల దగ్గర మొదలై, మే నెల కల్లా ప్రభుత్వ కార్యాలయాల లెటర్‌హెడ్‌ల దాకా వచ్చింది. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ శ్లాబులు మళ్ళీ మారాయి. ఇందులో కొన్ని రంగుల మార్పులు కావు, మాటల మార్పులు. వాటికి స్టైల్‌షీటు కాదు, లైబ్రరీ, మాస్టర్ పేజీ వాడాలి. సూత్రం మాత్రం ఒకటే. మారేదాన్ని ఒక్కచోట పెట్టుకోవాలి. మన దగ్గర మారనిదంటూ ఉంటే చెప్పండి, దాన్ని చేత్తో రాసుకుందాం.

అసలు చదివేవాళ్ళు

ఇదంతా ఇంజనీర్ల సుఖం కోసం చెప్తున్నాననుకోకండి. ఇంకో వైపూ ఉంది.

పోయిన మిర్చి సీజన్‌లో ఇంటికెళ్ళినప్పుడు నాన్న ఒక కాయితం తెచ్చి నా చేతిలో పెట్టాడు. మిర్చి అమ్మితే ఒక కొట్టులో ఇచ్చిన తక్‌పట్టీ, కంప్యూటర్లో కొట్టింది. బస్తాలు, తూకం, ధర ఉన్నాయి. మొత్తం ఉండే గడి సన్నగా ఉండి అంకె అందులో పట్టలేదు. పైన వరసలో 1,04,2 అని ఉంది, కింద వరసలో 50 అని ఉంది. కోతలన్నీ అడుగున లేత బూడిద రంగులో, చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్నాయి.

"ఇదెంతరా? కింద ఈ యాభై ఏంది?" అని అడిగాడు. మా నాన్న చదివింది ఏడో తరగతి. నోటి లెక్కల్లో నన్ను పడేస్తాడు. ఆయనకి లెక్క రాక కాదు, ఆ కాయితం ఆయన చదవటానికి వీల్లేకుండా ఉంది. నేను చదివి చెప్పా. తేడా ఏమీ లేదు, లెక్క సరిగ్గానే ఉంది. కానీ తేడా ఉన్నా ఆయనకి తెలిసేది కాదు, అదీ నా బాధ.

ఆ కాయితాన్ని ఎవరో నాలాంటివాడే ఎక్కడో ఏసీ గదిలో కూర్చుని మౌసుతో లాగి పెట్టుంటాడు. వాడి తెరమీద నమూనా అంకె 100.00, చక్కగా పట్టింది. బూడిద రంగు చూడటానికి సొగసుగా ఉంది. డాట్ మ్యాట్రిక్సులో, ఇంకు అయిపోవచ్చిన రిబ్బన్‌తో కొడితే ఎలా ఉంటుందో వాడు చూడలేదు. సరే, తప్పు ఎవరైనా చేస్తారు. కానీ ఎవరన్నా వెళ్ళి "ఇది కనపడట్లేదు" అని చెప్తే దిద్దటానికి ఎంతసేపు పట్టాలి? "డబ్బు" అని ఒక స్టైలు ఉంటే అందులో అక్షరం పెద్దది చేసి, రంగు నలుపు చేసి, కుడివైపుకి జరిపి, రెండో వరసలోకి విరక్కుండా పెడితే ప్రతి బిల్లులోనూ దిద్దుబాటు పడుతుంది. ఆ గడి వెడల్పు ఒక్కటీ విడిగా చూసుకుంటే సరిపోతుంది. స్టైలు లేకపోతే ఎవడు 168 ఫైళ్ళు తెరుస్తాడు? "తర్వాత చూద్దాం" అంటాడు. ఆ తర్వాత అనేది రాదు. తప్పు చెయ్యటం కన్నా దిద్దటం ఖరీదైన చోట, తప్పులు అలాగే ఉండిపోతాయి.

తెలుగు పీడీఎఫ్‌ల సంగతీ ఇంతే. రైతు పేరు తెలుగులో రావాలంటే ప్రతి గడికీ హెల్వెటికా అని చేత్తో రాసిపెట్టిన రిపోర్టులో డబ్బాలొస్తాయి. ఫాంటు సరిచేసినా, పాత ఐటెక్స్ట్ లైబ్రరీ వాడే చోట ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి. దానికి వేరే వైద్యం కావాలి. కానీ నోటో సాన్స్ తెలుగో, మండలియో, ఎన్టీఆరో ఏది పెట్టి చూద్దామన్నా ఫాంటు పేరు ఒక్కచోట ఉండాలి కదా ముందు!

ఎవరికి లాభం?

మరి అందరికీ తెలిసీ ఎందుకు చెయ్యరు? ఇక్కడే అసలు చిక్కుంది, చెప్తే కొంతమందికి నచ్చదు.

ఆ వారాంతం తర్వాత నేనూ, ఆ తిట్లు తిన్న అమ్మాయీ కలిసి రోజుకో గంట పెట్టుకున్నాం. ఫైళ్ళు ఎక్స్‌ఎంఎల్ కాబట్టి చేత్తో రాసిన రంగులూ ఫాంట్లూ పీకేసే స్క్రిప్టు రాశాం. ఒక్కో రిపోర్టూ పీకి, సీఎస్ఎస్ లింకు చేసి, ముందూ వెనకా ప్రింట్లు పక్కపక్కన పెట్టి చూసుకున్నాం. రెండు నెలల్లో 168లో 140 శుభ్రమయ్యాయి. మిగతావి ఎప్పుడు ముట్టుకుంటే అప్పుడు కడుగుతున్నాం. స్క్రిప్టులో సగం పైగా ఆ అమ్మాయే రాసింది, ఆ మాట ఇక్కడ చెప్పటం నా బాధ్యత.

ఆ తర్వాత క్లయింటు మళ్ళీ అడిగాడు, మొత్తాల వరస కాస్త పెద్దగా కావాలని. శుభ్రమైన వాటిల్లో మార్చి, నడిపి, చూసుకునేసరికి అరగంట. అప్పుడు మేనేజరు గారు నా దగ్గరికొచ్చి మెల్లగా అన్నారు, "టైంషీట్లో అరగంట అని రాయకు. మూడు రోజులని అంచనా ఇచ్చాం."

అర్థమైందా? మన వ్యాపారంలో సున్నానికి కూలి రోజు లెక్కన వస్తుంది. గోడలు ఎన్నుంటే అంత మంచిది. చేత్తో చేసే పని ఎవరికో ఒకరికి బిల్లు అవుతోంది. మన శనివారాలు మాత్రం ఏ బిల్లులోనూ కనపడవు. ఆయన చెడ్డవాడని నేననను, ఆయన పైన ఇంకో ఆయనున్నాడు. కానీ ఈ లెక్కలో నష్టపోయేది ఎవరో మనకి తెలిసుండాలి. రంగులద్దుతూ మూడేళ్ళు గడిపిన కుర్రాడికి ఇంటర్వ్యూలో చెప్పుకోవటానికి ఏం మిగులుతుంది? "168 రిపోర్టుల్లో నీలం ఆకుపచ్చ చేశానండీ" అని చెప్తాడా?

కాబట్టి తోటి ఇంజనీర్లకి ఒక్క విన్నపం. క్లయింటు అడగడు, మేనేజరు అడగడు, మనమే చెయ్యాలి. కొత్త రిపోర్టు మొదలుపెట్టేముందు లైబ్రరీ, స్టైల్‌షీటు లింకు చేసుకోండి. ఇంపోర్టు వద్దు, లింకు. పాత రిపోర్టు దేనికోసం తెరిచినా, మూసేముందు నాలుగు గడుల సున్నం గీకెయ్యండి. మీ కింద కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజే ఈ ముక్క చెప్పండి. నాకు మా మధిర బాబాయ్ చెప్పినట్టు, మౌసు లాక్కుని అయినా సరే.

నేను అరగంట అనే రాశాను టైంషీట్లో. తర్వాత అది మూడు రోజులుగా మారిందో లేదో నాకు తెలియదు. ఆ శుక్రవారం మాత్రం ఆరింటికే లేచి మధిర బండెక్కా.

ఇంతకీ మీ రిపోర్టుల్లో ఎన్ని నీలాలున్నాయో ఒకసారి వెతికించి చూడండి. పదకొండు దాటితే నాకు చెప్పండి, మేం ఒక్కళ్ళమే కాదని కాస్త సంతోషిస్తా :)